బాపూ కార్యదర్శి మహాదేవ్ దేశాయ్



ఆగస్టు 15వ తేదీ అనగానే మనకు రెండు పండుగలు గుర్తుకు వస్తాయి. దేవాలయంలో మరియమాత మోక్షారోపణ పండుగ పూజ ముగియగానే ఆవరణలో జెండా వందనం జరుగుతుంది. పిల్లలకు మిఠాయిలు పంచుతారు. ఆ తేదీకి మూడో జ్ఞాపకం కూడా ఒకటి ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. స్వాతంత్ర్యం రావడానికి సరిగ్గా 5 ఏళ్ల ముందు, 1942 ఆగస్టు 15న, పూనాలోని ఆగాఖాన్ భవనంలో ఒక ఖైదీ గుండె ఆగి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 50 ఏళ్లు. పేరు మహాదేవ్ దేశాయ్. అంతకు ముందు 25 ఏళ్లపాటు ఆయన చేసిన ఉద్యోగం ఒక్కటే. గాంధీజీకి కార్యదర్శి.

ఈ వారం ఆయన జీవితం మీ ముందు ఉంచడానికి ఒక కారణం ఉంది. మన విచారణల్లో ఏ ఇంటికి వెళ్లినా ఆఫీసులో పనిచేసేవారు ఒకరైనా ఉంటారు. ఒకరు బడి ఆఫీసులో గుమాస్తా, ఒకరు ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారి గది బయట కూర్చునే అమ్మాయి, ఒకరు కంపెనీలో మేనేజరుగారి పి.ఏ. పెద్దవారి గదికీ బయటి లోకానికీ మధ్య వీరి బల్ల ఉంటుంది. లోపలి కోపమూ వీరి మీదే, బయటి విసుగూ వీరి మీదే. ఇద్దరి మధ్య నలిగి, సాయంత్రానికి ఆ చిరాకును ఇంటికి తెచ్చుకోవడం మీరు చూసే ఉంటారు. మీరే అనుభవించి ఉంటారు కూడా. అటువంటి బల్ల దగ్గర పాతికేళ్లు కూర్చున్నా మాటలోని తీపిని పోగొట్టుకోని మనిషి కథ ఇది.

మహాదేవ్ 1892 జనవరి 1న గుజరాత్‌లోని సూరత్ జిల్లా సరస్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి హరిభాయి బడిపంతులు. పంతులు జీతంతో సంసారం ఎలా నడుస్తుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. మహాదేవ్‌కు ఏడేళ్లప్పుడే తల్లి పోయింది. ఆనాటి ఆచారం ప్రకారం 1905లో, 13 ఏళ్ల వయస్సులోనే, దుర్గాబెన్‌తో వివాహం జరిగింది. చదువు మాత్రం ఆగలేదు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో 1910లో బి.ఏ., ఆ తరువాత 1913లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. కొన్నాళ్లు ప్రభుత్వ అనువాద కార్యాలయంలో పనిచేశారు. కొన్నాళ్లు అహమ్మదాబాదులో వకీలుగా ఉన్నారు. తరువాత సహకార బ్యాంకులో ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. మంచి చేతిరాత, అనేక భాషలు, ఆకట్టుకునే రూపం. ఏ ఆఫీసులోనైనా పైకి రాగల యువకుడే.

గాంధీజీతో ఆయన పరిచయం ఎలా మొదలైందో చూడండి. 1915లో గాంధీజీ దక్షిణాఫ్రికా నుండి తిరిగివచ్చి, అహమ్మదాబాదులో ఆశ్రమం పెట్టదలచి, దాని నియమావళి ముసాయిదాను నలుగురి అభిప్రాయాల కోసం బయటపెట్టారు. మహాదేవ్, ఆయన ప్రాణస్నేహితుడు నరహరి పరీఖ్ కలిసి దాన్ని చదివారు. కొన్ని నియమాలు వారికి నచ్చలేదు. మనమైతే ఏం చేస్తాం? టీకొట్టు దగ్గర విమర్శించి ఊరుకుంటాం, లేకపోతే పెద్దాయన కదా అని నోరు మూసుకుంటాం. వారిద్దరూ ఆ రెండూ చేయలేదు. తమకు నచ్చని విషయాలను మర్యాదగా, కారణాలతో సహా ఉత్తరంలో రాసి పంపారు. గాంధీజీ వారిని పిలిపించుకుని తీరికగా మాట్లాడారు. అంగీకరించని చోట ఎందుకు అంగీకరించడం లేదో చెప్పారు. అలా ఒక అభిప్రాయభేదంతో మొదలైన బంధం చితి వరకు నిలిచింది. నమ్రత అంటే తల ఊపడం కాదని ఆ మొదటి ఉత్తరమే చెబుతున్నది.

1917లో గాంధీజీ ఆయనను తన దగ్గరకు వచ్చేయమన్నారు. అదే సంవత్సరం నవంబరులో మహాదేవ్ ఉద్యోగం వదలి, దుర్గాబెన్‌తో కలిసి ఆయన వద్ద చేరారు. అప్పుడు గాంధీజీ బీహారులోని చంపారన్‌లో నీలిమందు రైతుల పక్షాన పనిచేస్తున్నారు. భార్యాభర్తలిద్దరూ అక్కడికి వెళ్లారు. అదే నవంబరులో మహాదేవ్ ఒక డైరీ మొదలుపెట్టారు. చనిపోయే ముందురోజు వరకు, అంటే 1942 ఆగస్టు 14 దాకా, దాన్ని రాస్తూ వచ్చారు.

ఆ డైరీ గురించి రెండు మాటలు చెప్పాలి. డైరీ అంటే మనం మన కష్టసుఖాలు రాసుకుంటాం. ఫలానావాడు నన్ను ఇలా అన్నాడు, ఫలానామె నాకు నమస్కారం పెట్టలేదు అని రాసుకుంటాం. మహాదేవ్ డైరీలో మహాదేవ్ దాదాపుగా కనిపించరు. గాంధీజీ ఎవరితో ఏమి మాట్లాడారు, ఎవరికి ఏమి రాశారు, ఏమి తిన్నారు, దేనికి నవ్వారు, ఇవే ఉంటాయి. పాతికేళ్లు రోజూ ఒకరి మాటను వినాలి, దాన్ని మార్చకుండా, పెంచకుండా, తగ్గించకుండా రాయాలి. ఎంత కష్టమో ఆలోచించండి. ఆఫీసుల్లో సగం తగవులు ఎక్కడ పుడతాయి? సారు చెప్పింది ఒకటి, మనం చేరవేసింది ఇంకొకటి అయినచోట పుడతాయి. సారు అన్న మాటకు మన కోపం కొంత కలిపి చెబుతాం. లేదా మన సంగతి దాచుకోవడానికి కొంత మింగుతాం. మహాదేవ్ పేరు నిలిచింది ఈ ఒక్క గుణం వల్ల. ఆయన రాస్తే గాంధీజీ అన్నట్టే అని లోకం నమ్మింది. మరణానంతరం ఆ డైరీ గుజరాతీ సంపుటానికి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి లభించింది.

గాంధీజీ దగ్గరకు వచ్చే మనుషులను ఊహించండి. వైస్రాయి కార్యాలయం నుండి ఉత్తరం, ఏదో పల్లె రైతు నుండి పోస్టుకార్డు, విదేశీ విలేఖరులు, అప్పుల్లో ఉన్న విద్యార్థి, ఆశ్రమంలో వంటగది తగాదా. టపా రోజూ కుప్పలుగా వచ్చేది. చదివి వేరుచేయడం, గాంధీజీ చూడవలసినవి ఆయన ముందు పెట్టడం, తక్కినవాటికి తానే జవాబు రాయడం మహాదేవ్ పని. గుజరాతీ, హిందీ, ఇంగ్లీషుతోపాటు బెంగాలీ, మరాఠీ, సంస్కృతం కూడా ఆయనకు వచ్చు. అందరికీ గాంధీజీ సమయం కావాలి, ఉన్నది ఒక్క గాంధీజీ. కాబట్టి రోజుకు ఎన్నోసార్లు కాదని చెప్పవలసి వచ్చేది. కాదన్నా మనిషిని చిన్నబుచ్చకుండా ఉండటం కార్యదర్శి విద్యలో అన్నిటికంటే కష్టమైన పాఠం. వచ్చినవాడి మాట ముందు పూర్తిగా వినాలి. వీలుకాకపోతే ఎందుకు కాదో చెప్పాలి. వీలయ్యే మార్గం ఏదైనా ఉంటే చూపాలి. ఇంత చేస్తే, పని కాకపోయినా మనిషి శత్రువుగా తిరిగిపోడు. మహాదేవ్‌కు బ్రిటిష్ అధికారుల్లోనూ, ఇంగ్లాండు నుండి వచ్చిన క్రైస్తవ మిత్రుల్లోనూ, కాంగ్రెసులో గాంధీజీతో విభేదించినవారిలోనూ స్నేహితులు మిగిలారు. సి.ఎఫ్. ఆండ్రూస్, వెరియర్ ఎల్విన్ వంటివారికి ఆయన ఆత్మీయుడు.

ఆయన వట్టి మెత్తని మనిషి అనుకోకండి. 1921లో మోతీలాల్ నెహ్రూ అలహాబాదు నుండి నడుపుతున్న ఇండిపెండెంట్ పత్రికలో పనిచేయడానికి గాంధీజీ ఆయనను పంపారు. ఆ పత్రిక సంపాదకుడైన జార్జ్ జోసెఫ్ అనే కేరళ క్రైస్తవ న్యాయవాదిని ఆ డిసెంబరులో ప్రభుత్వం అరెస్టు చేయగా, భారం మహాదేవ్ మీద పడింది. అచ్చుకు దారి మూసుకుపోతే, చేతితో రాసి సైక్లోస్టైల్ తీసి పత్రికను బయటకు తెచ్చారు. ఫలితంగా ఒక సంవత్సరం జైలు. మృదువుగా మాట్లాడేవాడికి వెన్నెముక ఉండదని ఎవరన్నారు?

తోటి పనివారి పట్ల ఆయన నడవడి చూడాలంటే ఒక పుస్తకం తెరవాలి. గాంధీజీ ఆత్మకథను మనం తెలుగులో సత్యశోధన అన్న పేరుతో చదువుకున్నాం. గాంధీజీ దాన్ని గుజరాతీలో రాశారు. ఇంగ్లీషులోకి మార్చి లోకానికంతటికీ అందించింది మహాదేవ్ దేశాయ్. అయితే ఒకటి గమనించండి. 1928-29లో మహాదేవ్ బార్డోలీలో ఉండిపోవలసి వచ్చింది. అక్కడ ప్రభుత్వం రైతుల భూమిశిస్తును 22 శాతం పెంచగా, వల్లభభాయి పటేల్ నాయకత్వంలో సత్యాగ్రహం జరిగింది. చివరకు బ్రూంఫీల్డ్ అధికారి విచారణకు వచ్చారు. 1922లో గాంధీజీకి శిక్ష వేసిన న్యాయమూర్తి కూడా ఈయనే. రైతుల లెక్కలు ఆ విచారణ ముందు పెట్టే పనిలో మహాదేవ్, నరహరి ఉన్నారు. ఆ విచారణ ఫలితంగా పెంపు సుమారు 6 శాతానికి దిగింది. ఈ కాలంలో ఆత్మకథ అనువాదం ఆగకుండా చూసింది సహ కార్యదర్శి ప్యారేలాల్. ఐదవ భాగంలో 29 నుండి 43 వరకు, అంటే 15 అధ్యాయాలు ఆయన అనువదించారు.

పుస్తకం మీద అనువాదకుడిగా మహాదేవ్ పేరు ఉంది. ఆ 15 అధ్యాయాల సంగతి ఎత్తకపోతే అడిగేవారు ఎవరు? కాని మహాదేవ్ తన ముందుమాటలో ఏ అధ్యాయం నుండి ఏ అధ్యాయం వరకు ప్యారేలాల్ చేశారో అంకెలతో సహా రాశారు. భాషను సరిచేసిన మరొక పెద్దమనిషి తన పేరు చెప్పవద్దని కోరితే, పేరు చెప్పకుండానే ఆ సాయాన్ని గుర్తుచేసుకున్నారు. ఎవరి కష్టాన్ని వారి పేరున రాయడం, పేరు వద్దన్నవారి మాట మన్నించడం, ఈ రెండూ సభ్యతే. ఆఫీసులో మీ పక్కబల్ల ఆయన సాయంతో తయారైన కాగితం మీ సంతకంతో లోపలికి వెళ్తుంది. ఎన్నిసార్లు ఆయన పేరు మీరు చెప్పారు? సహోద్యోగుల మధ్య చేదు పుట్టేది చాలావరకు ఇక్కడే. జీతం తక్కువైనా మనిషి ఓర్చుకుంటాడు, తన కష్టానికి మరొకరు మెప్పు పొందితే ఓర్చుకోలేడు.

ఇప్పుడు ఆయన జీవితంలోని కష్టమైన ఘట్టానికి వద్దాం. 1938 మార్చిలో ఒరిస్సాలోని డెలాంగ్‌లో గాంధీ సేవా సంఘం సమావేశం జరిగింది. పూరీ అక్కడికి దగ్గరే. ఆ రోజుల్లో పూరీ జగన్నాథాలయంలోకి హరిజనులను రానిచ్చేవారు కాదు. వారికి ప్రవేశం లేని గుడిలో తమవారు కాలు పెట్టరాదన్నది గాంధీజీ పట్టుదల. అయితే కస్తూరిబా, దుర్గాబెన్ మరికొందరు స్త్రీలతో పూరీ వెళ్లి, భక్తికొద్దీ గుడిలోకి వెళ్లి దర్శనం చేసుకున్నారు. సంగతి తెలిసి గాంధీజీ తల్లడిల్లిపోయారు. ఆరోగ్యం మీద కూడా దాని దెబ్బ పడింది. స్త్రీలకు ముందుగా నచ్చజెప్పవలసిన బాధ్యత నెరవేర్చలేదని తననూ, తన కంటే ఎక్కువగా మహాదేవ్‌నూ తప్పుపట్టారు.

ఒక్కసారి ఆ స్థితిలో మిమ్మల్ని ఊహించుకోండి. 20 ఏళ్లకు పైగా రాత్రింబవళ్లు కొలిచిన పెద్ద, అందరికీ తెలిసేలా తప్పుపట్టాడు. తప్పులో భార్య పేరు కూడా ఉంది. మహాదేవ్ మనసు విరిగిపోయింది. ఇక తాను ఈ స్థానానికి తగనని, సెలవు ఇప్పించమని గాంధీజీకి ఉత్తరం రాశారు. గాంధీజీ ఒప్పుకోలేదు. అప్పుడు మహాదేవ్ హరిజన్ పత్రికలో ఈ సంగతి తానే రాశారు. భార్య మీదికి నెట్టలేదు. కస్తూరిబా వయస్సు చాటున దాక్కోలేదు. తన లోపం ఒప్పుకున్నారు. అయితే అంతటితో ఆగలేదు. మహాత్ముల పక్కన బతకడం అంత తేలిక కాదన్న భావాన్ని కూడా చమత్కారంగా, ఎవరినీ నొప్పించకుండా ఆ వ్యాసంలోనే చేర్చారు. గాంధీజీ దాన్ని తన పత్రికలో అచ్చుకానిచ్చారు.

ప్రియ చదువరులారా, ఇక్కడ కొంచెం ఆగండి. పైవారు కోప్పడినప్పుడు మనకు తెలిసిన దారులు రెండే. ఒకటి, ఎదురు తిరిగి గట్టిగా మాట్లాడటం. రెండు, అక్కడ సరే అని, బయటకు వచ్చి నలుగురి దగ్గర తిట్టడం. ఈ రోజుల్లో అది ఫోనులో మెసేజిగా మారి పదిమందికి పాకుతుంది. మహాదేవ్ మూడో దారి చూపారు. తప్పు ఎంతవరకు తనదో అంతవరకు ఒప్పుకోవడం, నొప్పి కలిగితే నొప్పి అని చెప్పడం, చెప్పవలసినది ఆ మనిషికే చెప్పడం. చాటున ఒక మాట, ఎదుట ఒక మాట లేకపోవడం వల్లనే ఆ బంధం తెగలేదు.

ఆయన జీవితంలో మనం అనుకరించకూడనిది కూడా ఒకటి ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. ఆయనకు సెలవు అన్నది లేదు. గాంధీజీ వార్ధా సమీపంలోని సేవాగ్రామ్‌లో స్థిరపడిన తొలిరోజుల్లో మహాదేవ్ కుటుంబం వార్ధాలో ఉండేది. మధ్య దూరం 5 మైళ్ల పైచిలుకు. ఎండైనా వానైనా రోజూ నడిచి వెళ్లి, పని ముగించి నడిచి వచ్చేవారు. ఒక్కొక్క రోజు రెండుసార్లు. దానికి తోడు రాత్రి పత్రికకు వ్యాసాలు, అనువాదాలు. 1938లో రక్తపోటు పెరిగి ఆరోగ్యం దెబ్బతిన్నది. విశ్రాంతి తీసుకున్నా మళ్లీ అదే పరుగు. దుర్గాబెన్ పాతికేళ్లు ఆ పరుగుకు తన వంతు మూల్యం చెల్లించింది. 1924లో పుట్టిన కొడుకు నారాయణ్ ఆశ్రమం పిల్లవాడిగా పెరిగాడు. పెద్దవాడై, తండ్రి జీవితచరిత్రను గుజరాతీలో రాశాడు. మీలో ఆఫీసు పెద్దలుగా ఉన్నవారు ఈ మాట వినాలి. నోరు తెరిచి కాదనని మంచి సహాయకుడు దొరికితే అతని మీదే భారమంతా మోపడం మన అలవాటు. అతను అడగడు కాబట్టి మనమే అడగాలి, భోజనం చేశావా, ఇంటికి వెళ్లే వేళ అయింది కదా అని.

1942 ఆగస్టు 9 తెల్లవారుజామున బొంబాయిలో గాంధీజీని, ఆయనతోపాటు మహాదేవ్‌ను అరెస్టు చేసి ఆగాఖాన్ భవనానికి తీసుకువెళ్లారు. మన హైదరాబాదు ఇంటి ఆడపడుచు సరోజినీ నాయుడు, మీరాబెన్ కూడా అక్కడే ఖైదులో ఉన్నారు. గాంధీజీ జైలులో ఆమరణ నిరాహారదీక్షకు దిగుతారేమోనన్న దిగులు మహాదేవ్‌ను లోలోపల తినేసింది. ఆరు రోజులు గడిచాయి. 15వ తేదీ ఉదయం జైళ్ల ఉన్నతాధికారి వచ్చారు. ఆయనతోనూ, సరోజినీ దేవితోనూ మాట్లాడుతూ ఉండగానే మహాదేవ్‌కు కళ్లు తిరిగాయి. అక్కడే ఉన్న డాక్టర్ సుశీలా నయ్యర్ చేయగలిగినదంతా చేశారు. గాంధీజీ పరుగున వచ్చి పేరు పెట్టి పిలిచారు. పాతికేళ్లలో ఆ పిలుపుకు పలకకపోవడం అదే మొదటిసారి.

గాంధీజీ తన చేతులతో ఆ దేహాన్ని కడిగారు. ప్రభుత్వం దేహాన్ని బయటకు పంపనివ్వలేదు. ఆ ఆవరణలోనే దహనం జరిగింది. తాను కొడుకులా చూసుకున్న మనిషి సమాధి దగ్గరకు, విడుదలయ్యేవరకు గాంధీజీ వెళ్తూ పూలు పెడుతూ వచ్చారు. 1944 ఫిబ్రవరి 22న అదే భవనంలో కస్తూరిబా కూడా కన్నుమూశారు. పూనా వెళ్లినవారు ఆ రెండు సమాధులను ఈనాటికీ పక్కపక్కన చూడవచ్చు. ఒకటి భార్యది, రెండవది కార్యదర్శిది. ఒక ఉద్యోగికి ఇంతకంటే గౌరవం ఉంటుందా?

మహాదేవ్ దేశాయ్ నాయకుడు కాలేదు, మంత్రి కాలేదు. వ్యాసాల కింద ఎం.డి. అన్న రెండు అక్షరాలతో సరిపెట్టుకున్నారు. కాని గాంధీజీ గురించి మనకు తెలిసినదానిలో ఎంతో భాగం ఆయన కలం గుండానే వచ్చింది. బయట బల్ల దగ్గర కూర్చున్న మనిషి నిజాయితీగా ఉంటే లోపలి మనిషి మాట లోకానికి నిజంగా చేరుతుంది. ఆయన వంకరగా ఉంటే ఎంత మంచి మాటైనా వంకరగానే చేరుతుంది.

రేపు సోమవారం ఉదయం మీరు మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చుంటారు. మూడు పనులు చేసి చూడండి. వచ్చిన మొదటి మనిషి మాటను మధ్యలో తుంచకుండా చివరిదాకా వినండి. మీకు సాయం చేసినవారి పేరు పెద్దసారు ముందు ఒక్కసారైనా చెప్పండి. మనసుకు తగిలిన మాట ఏదైనా ఉంటే, దాన్ని క్యాంటీనుకు మోసుకుపోకుండా, అన్నవారితోనే శాంతంగా చెప్పండి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మీ ముఖంలో తేడాను మీ పిల్లలే ముందు కనిపెడతారు.